కడుక్కొని రమ్మన్న వాన

ఇప్పలగూడ చెరువుకు నర్సన్న నీరటి. తూము ఎప్పుడు తెరవాలి, కాలువకు పడిన గండి ఎలా పూడ్చాలి, ఏ మడికి ఎన్ని నీళ్ళు పోవాలి, ఇవన్నీ చూసుకునేవాడే నీరటి. తండ్రి నుంచి అతనికి సంక్రమించిన ఆస్తి ఆ పనీ, ఒక పారా. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే పెద్ద రోడ్డుకు లోపలగా, ఫ్యాక్టరీ షెడ్లకు దిగువన ఉంటుంది ఆ చెరువు. అందులో చేప బతికి ఇరవై రెండేళ్ళయింది. చేప బతకని చెరువుకు నీరటి ఏమిటని ఊళ్ళో కుర్రకారు ఎగతాళి చేస్తే నర్సన్నకు కోపం రాదు.

"పెండ్లాం అలిగి తల్లిగారింటికి పోతే మొగడు మొగడు కాకుండ పోతడార?" అంటాడు.

ఆ మాట చెవిన పడితే పెళ్ళాం సోమమ్మ ఊరుకోదు. "నేను పోయి సూపెడితె తెలుస్తుండె నీకు," అంటుంది.

అరవై నాలుగేళ్ళ నర్సన్నకు ఈ లోకంలో మిగిలిన కోరిక ఒక్కటే. మత్తడి దుంకాలి. చెరువు నిండి, అలుగు మీంచి నీళ్ళు కిందికి దూకాలి. దూకే ఆ నీటికి ఎదురు, కింది కాలువలోంచి వేలెడంత పరక చేపలు తళతళమంటూ పైకెక్కాలి. అతని పెళ్ళయిన ఏడాది అలాగే దుంకింది. కొండాపూర్ దిక్కు పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన సోమమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కొంగు పరిచి, ఎగిరే పరకలను పట్టింది. పట్టినంతసేపు నవ్వింది. ఆ తర్వాత ఎన్నో చూశాడు, ఎన్నో మరిచిపోయాడు. ఆ నీళ్ళ చప్పుడు మాత్రం చెవిలోంచి పోలేదు. అది ఇంకొక్కసారి వినాలని అతనికి ఎంత ఆశో చెప్పడానికి మాటలు చాలవు, చెప్పుకుంటే వినేవాళ్ళూ లేరు.

చెరువు పాడైన తీరు కూడా విచిత్రమే. మొదట్లో నీళ్ళు నల్లబడలేదు, కంపు కొట్టలేదు. తేటబడ్డాయి. నిలువు లోతున ఉన్న రాయి కూడా కనిపించేంత తేట. ఊరు సంబరపడింది. అందరికంటే ఎక్కువ సంబరపడినవాడు నర్సన్నే. పక్క ఊళ్ళ నీరట్లను పిలిచి మరీ చూపించాడు. పాచి చచ్చిపోవడం వల్ల నీళ్ళు తేటబడ్డాయని ఎవరికి తెలుసు? మరుసటేడు కప్పల అరుపు ఆగింది. ఆ పై ఏడు జల్లు పడి వెలిసిన సాయంత్రం చూస్తే దండెం మీద ఆరేసిన సోమమ్మ చీరకు చిల్లులు. నీళ్ళు నాలుక మీద వేసుకుంటే చింతకాయ కొరికినట్టు పళ్ళు పులిసేవి. ఒక తొలకరి తెల్లవారి చెరువంతా చేపలు తెల్లటి పొట్టలు పైకి తేలేసి కనిపించాయి. ఆ తేటనీళ్ళను ఊరందరికీ చూపించి మురిసిపోయింది తనేనన్న సిగ్గు నర్సన్నను ఇప్పటికీ వదల్లేదు.

అర్జీలు, ధర్నాలు, కోర్టులు అన్నీ అయ్యాయి. ఇప్పుడు షెడ్ల మురికి ట్యాంకర్లలో శుద్ధి చేసే చోటికి పోతోంది. పొగను కూడా సున్నపు నీళ్ళతో కడిగి వదులుతున్నారట. కానీ చెరువు పులుపు చావలేదు. చేపల సంఘం పెద్ద బాలరాజ్ ఓపిక నశించి, మూడేళ్ళ కింద లారీడు పచ్చి సున్నం తెప్పించి చెరువులో కుమ్మరించాడు. సంఘం ఏటా పోసే చేపపిల్లలు అప్పటికే నీళ్ళలో ఉన్నాయి. పులుపుకు చావగా మిగిలినవి సున్నం కాకకు చచ్చాయి.

అప్పుడు వచ్చాడు త్రినాథరావు. భీమవరం దిక్కు మనిషి. రామచంద్రాపురంలోని ప్రభుత్వ కర్మాగారంలో నీళ్ళు శుద్ధి చేసే విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరై, పటాన్‌చెరులో స్థిరపడ్డాడు. ఇప్పలగూడలో కొన్న ప్లాటు చూసుకుందామని వచ్చి చెరువులో పడ్డాడు. అంటే ప్లాటు మరిచిపోయి చెరువును పట్టుకున్నాడని.

"నోరు పులిసిందని గుప్పెడు సున్నం నోట్లో పోసుకుంటారా అండీ ఎవరైనా?" అని బాలరాజ్‌ను అడిగాడు.

వక్కాకు సంచి విప్పుతున్న సోమమ్మ అందుకుంది. "సారు చెప్పింది నిజమే. ఆకుకు గోరంత రాయాలె. జెర ఎక్కువైతె నోరంత పొక్కుతది."

ఆ రోజు నుంచి సారు మాట ఆ ఇంట్లో చెల్లుబాటయింది.

రెండేళ్ళు వానలు సరిగ్గా లేక ఈ ఎండాకాలం చెరువు అడుగు దాకా ఎండింది. త్రినాథరావు ఎండిందే మేలన్నాడు. పచ్చి సున్నం వద్దు, సున్నపురాయి పొడి చాలన్నాడు. సంఘం వాళ్ళంతా చెరువు అడుగు దున్ని, పొడి చల్లి, మళ్ళీ దున్నారు. తర్వాత ఆయన షాబాదు బండలు కోసే షాపుల వెంట తిరిగి, పారేసే ముక్కలను ట్రాక్టర్లకెత్తించాడు. ఇళ్ళలో నేలకు పరిచే ఆ బండ కూడా సున్నపురాయేనని, పులుపును అది మెల్లగా తింటుందని చెప్పాడు. చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ పక్కన, చెరువు కంటే కొంచెం మిట్టమీద, ఎవరో మొరం తవ్వుకుపోయిన పెద్ద గుంత ఉంది. ఆ ముక్కలన్నీ అందులో పరిపించాడు.

"గుంతల ఎందుకు సారూ?" అని అడిగాడు నర్సన్న.

"మొదటి వాన కోసం అండీ. ఎనిమిది నెలలుగా రేకుల మీదా, రోడ్ల మీదా, కాలువలోనూ పేరుకున్నదంతా మొదటి వానే కడిగి తెస్తుంది. మబ్బులో ఉన్న పులుపు కూడా దాంతోనే దిగుతుంది. ఏటా తొలకరికే చేపలు ఎందుకు చస్తున్నాయనుకున్నారు? ఈసారి మొదటి వానను చెరువులోకి రానివ్వకండి. గుంతలోకి మళ్ళించండి. రెండో వానకు తలుపు తీద్దాం."

ఆ ఊళ్ళో కొత్తనీళ్ళకు ఎదురుపోవడం ఆచారం. మిరుగు, అంటే మృగశిర కార్తెలో కాలువ పారగానే నీరటి ఇంటి ఆడమనిషి పసుపు కుంకుమలు పట్టుకొని కాలువ చెరువులో కలిసే మొగ దగ్గర నిలబడాలి. కొత్త కోడలిని లోపలికి పిలిచినట్టు నీళ్ళను పిలవాలి. సోమమ్మ నలభై ఏళ్ళుగా పిలుస్తోంది. చచ్చిన చెరువులోకి కూడా పిలిచింది.

"వాకిట్లకొచ్చిన లచ్చిమిని ఎల్లగొడతవా?" అంది సోమమ్మ ఆ పూట అన్నం పెడుతూ. సారు మీద గౌరవం వేరు, లచ్చిమి సంగతి వేరు.

బాలరాజ్ అయితే ఎగిరిపడ్డాడు. "రెండేండ్ల సంది సుక్క నీళ్ళు లెవ్వు. వచ్చిన నీళ్ళను కాదంటవా కాకా? చెరువు మీద అలిగి కడుక్కోనోని లెక్కున్నది నీ కత. రెండో వాన రాకుంటె?"

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరు చెప్పగలరు? "చిన్నపుసాల కార్తె అయిపోయే దాక సూడు," అంటూ పుష్యమి కార్తె దాకా గడువు పెట్టాడు నర్సన్న. "అప్పటికి చెరువుల పానం కనవడకుంటె నా పార తెచ్చి కట్ట మీద పెడత. ఇగ నీళ్ళ ముచ్చట్ల నోరు తెరవ. మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండ్రి."

నీరటి పార పెట్టేయడమంటే ఏమిటో బాలరాజ్‌కు తెలుసు. ఆ మాటతో అతనూ మెత్తబడ్డాడు.

మిరుగు వచ్చిన నాలుగో రోజు, మధ్యాహ్నం మూడింటికి, కంది ఊరి దిక్కు నుంచి మబ్బు లేచింది. ఈదురుగాలి తర్వాత దంచి కొట్టింది. చెరువు మొగకు అడ్డంగా పేర్చిన ఇసుక సంచుల దగ్గర నర్సన్న పార పట్టుకొని నిలబడ్డాడు. ఊరు సగం గొడుగులు, యూరియా సంచులు కప్పుకొని వచ్చింది. ముందు చెత్త వచ్చింది, నురుగు వచ్చింది, ఆ వెనక ఎర్రటి నీళ్ళు కాలువ నిండా ఉరుకుతూ వచ్చాయి. మట్టివాసన వెనకే ముక్కు మండించే ఘాటు. అయినా నీళ్ళు నీళ్ళే. నర్సన్న పార మొన పై సంచికి ఆనించాడు. రెండు సంచులు జరిపితే చాలు, ఆ నీళ్ళన్నీ తన చెరువువే.

"సగమన్న పోనియ్యి కాకా! సగం!" బాలరాజ్ అరుస్తున్నాడు.

త్రినాథరావు పులుపు కొలిచే రంగు కాగితం ముంచి, వానకు తడవకుండా చేతి కింద పెట్టుకొని చూశాడు. "నాలుగు," అన్నాడు. ఏడుంటే మంచి నీళ్ళు. అయిదుకు దిగితే చేప ఉండదు.

నర్సన్న కాగితాన్ని నమ్మలేదు. వద్దని సారు ఎన్నిసార్లు చెప్పినా వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. పళ్ళు జివ్వుమన్నాయి. అదే పులుపు, ఇరవై రెండేళ్ళ పులుపు. అతను పై సంచి మీద కాలు వేసి గట్టిగా తొక్కిపట్టాడు. నీళ్ళు సంచులకు కొట్టుకొని, తిరిగి, గుంత వైపు మళ్ళాయి.

సోమమ్మ పళ్ళెం పట్టుకొని మొగ దగ్గరే నిలబడి ఉంది. పసుపు కరిగి పళ్ళెంలోంచి కారుతోంది. కాసేపు మొగుణ్ణి చూసింది, కాసేపు నీళ్ళను చూసింది. తర్వాత మెల్లగా నడిచి గుంత గట్టెక్కి, ఆ పసుపు కుంకుమలు అక్కడి నీళ్ళలో వేసింది.

"పో బిడ్డా," అంది. "తానం చేసి రా. నీ ఇల్లు ఏడికి పోదు."

నర్సన్న ఏడ్చాడు. వానలో ఏడ్చేవాణ్ణి ఎవరూ పట్టుకోలేరు, పెళ్ళాం తప్ప.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. ఆరుద్ర పొడిగా పోయింది. పెద్దపుసాల, అంటే పునర్వసు కూడా పొడిగా పోయింది. మబ్బులు రోజూ వచ్చేవి, ఇప్పలగూడ మీద కాసేపు నిలబడి ఆశ పెట్టేవి, సంగారెడ్డి అవతలెక్కడో కురిసేవి. తెల్లగా ఎండిన చెరువు అడుగున గాలికి సున్నపు దుమ్ము లేచేది. చాయ్ హోటల్లో నర్సన్నకు కొత్త పేరు పెట్టారు, నీళ్ళను తన్నినోడని. ఆ పేరు విన్న రోజు అతను చాయ్ తాగకుండానే లేచి వచ్చాడు.

త్రినాథరావు దిగాలుపడ్డాడు. "నేను చెప్పింది తప్పేమో నర్సన్నగారూ. లెక్క సరే గానీ, వాన నా చేతిలో లేదు కదా," అన్నాడు ఒక ఉదయం.

"లెక్క మీది, పార నాది సారూ. మిమ్ముల అనేటోళ్ళు ముందు నన్ను అనాలె," అన్నాడు నర్సన్న. ధైర్యం చెప్పాడే గానీ అతనికే లేదది.

మిగిలింది ఆ గుంతలోని నీళ్ళే. వెళ్ళగొట్టిన నీళ్ళు రోజూ కళ్ళెదుట నిలబడి ఉంటే అదొక నరకం. అయినా నర్సన్న పొద్దున్నే అక్కడికే పోయేవాడు. సారు కాగితం ముంచేవాడు. నాలుగు, నాలుగున్నర అయింది. పక్షం తిరిగేసరికి అయిదయింది. అక్కడ ఆగిపోయింది. వారం గడిచినా కదల్లేదు. సారు కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ మళ్ళీ చూశాడు. కారణం అంతుబట్టలేదు.

నర్సన్న పంచె ఎగగట్టి గుంతలోకి దిగాడు. కాలి కింద బండ జారింది. ఒక ముక్క పైకి తీసి బొటనవేలితో గీరాడు. పైన గోధుమరంగు పొర జిగటగా పట్టి ఉంది. దాని కింద బండ ఎప్పటిలాగే నీలంగా మెరిసింది.

"సారూ, బండ నోరు మూస్కున్నది. పొర కట్టింది. ఇగ పులుపు ఎట్ల తింటది?"

తూము రాళ్ళకు పట్టే పాకురును ఏటా గీకిన చేయి అది. ఆ రోజు నుంచి అతను పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు గుంతలో దిగి పారతో బండలు గీకాడు, తిరగేశాడు. మొదట నవ్విన సోమమ్మ మూడో రోజు కొబ్బరి పీచు పట్టుకొని తానూ దిగింది. పాదాలు పగిలి మండేవి. సోమమ్మ రాత్రి నూనె రాసేది, పొద్దున్నే మళ్ళీ ఇద్దరూ దిగేవాళ్ళు. కాగితం కదిలింది. అయిదున్నర. ఆరు. చిన్నపుసాల సగమయ్యే నాటికి ఏడుకు కాస్త తక్కువ. త్రినాథరావు సీసాలో నీళ్ళు పట్టి కంది ఊళ్ళోని పరీక్షశాలలో ఇచ్చి వచ్చాడు. కాగితానికి పులుపొక్కటే తెలుస్తుంది గానీ మిగతా విషాలు తెలియవన్నాడు. మనుషులు తాగొద్దు గానీ చేప బతకొచ్చని జవాబు వచ్చింది.

"అయినా రెండో వాన దాకా ఆగుదామండీ," అన్నాడాయన. ఆయనది ముందుజాగ్రత్త.

సోమమ్మ నడుం మీద చేయి పెట్టుకొని నిలబడింది. "తానం జేసి రమ్మన్నం. చేసింది. వాకిట్ల నిలవడ్డది. ఇంకెన్ని దినాలు నిలవెడతరు సారూ?"

త్రినాథరావు పక్కకు తప్పుకున్నాడు. నర్సన్న గుంత గట్టుకు గండి కొట్టాడు, మొగ దగ్గర సంచులు తీశాడు. నీళ్ళు ఉరకలేదు. నెమ్మదిగా, వచ్చిన దారి గుర్తుపట్టినట్టు పారి, తూము ముందరి లోతులో చేరాయి. మొత్తం కలిపి రెండు కల్లాలంత మేర, మోకాలి లోతు. చెరువు చెరువంతా ఎండి ఉండగా అడుగున అంత తడి. బాలరాజ్ వచ్చి చూసి పోయాడు.

మరునాడు సోమమ్మ చెప్పా పెట్టకుండా మాయమైంది. అలిగి తల్లిగారింటికి పోయిందేమోనని కుర్రకారు నర్సన్నను ఆటపట్టించారు. నిజంగానే తల్లిగారింటికి పోయింది. సాయంత్రం బస్సు దిగింది, చంకలో మూతికి తడిబట్ట కట్టిన బిందెతో.

"నాకు బస్సు ఫిరీ గని బిందెకు టికెట్ గొట్టాల్నా అని పంచాది పెట్టిండు కండక్టరు," అంది. "తల్లిగారి సారె, దీనికి టికెట్ ఏందని గదమాయించిన."

బట్ట విప్పితే బిందెలో పరకలు. ఆమె పుట్టిన ఊరి చెరువువి. ముప్పయో నలభయ్యో ఉన్నాయి. వెంటనే వదలొద్దని, ఆ నీళ్ళకు ఈ నీళ్ళు అలవాటు కావాలని త్రినాథరావు చెప్పాడు. బిందెను నీళ్ళలో నిలబెట్టి, దోసిళ్ళతో కొంచెం కొంచెం చెరువు నీళ్ళు పోశారు. పొద్దుగూకుతుండగా సోమమ్మ బిందె వంచింది. పరకలు ఒక్కసారి తళుక్కుమని లోపలికి పోయాయి.

తెల్లవారింది. అది చిన్నపుసాలకు ఆఖరి రోజు. వాన లేదు. నర్సన్న పార కడిగి, తుడిచి, భుజాన వేసుకొని చెరువు కట్టెక్కాడు. సోమమ్మ వెంట వచ్చింది. అన్న మాట ప్రకారం పారను కట్ట మీద పెట్టాడు. నీళ్ళ వైపు మాత్రం చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఎన్ని తెల్లవారుజాములు అలా చూశాడో, చూసిన ప్రతిసారీ తేలిన తెల్లటి పొట్టలే.

"నువ్వు సూడు," అన్నాడు. "తెల్లగ ఏమన్న కనవడ్తున్నదా?"

సోమమ్మ చేయి అడ్డం పెట్టుకొని చూసింది.

"ఒకటి కనవడ్తున్నదయ్యా," అంది. "ఒడ్డు పొంటి. తెల్లగనే ఉన్నది."

నర్సన్న కట్ట మీద కూలబడ్డాడు. అయిపోయింది. మత్తడి లేదు, పరకలు లేవు, ఈ జన్మకు ఇక ఆ చప్పుడు లేదు. వెనక బాలరాజ్ మోటారు సైకిలు వచ్చి ఆగడం వినిపించింది. పార కోసం వచ్చి ఉంటాడు.

"నడుస్తున్నది," అంది సోమమ్మ.

"ఏంది?"

"గా తెల్లటిది. నడుస్తున్నది."

నర్సన్న తలెత్తాడు. తూము ముందర, నీటి అంచున, ఒక కొంగ. ఒక కాలు ఎత్తి, మెడ ముడుచుకొని నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ చెరువు మీద కొంగ వాలగా అతను చూడలేదు. తినేదేమీ లేని చోటికి కొంగ ఎందుకు వస్తుంది? చూస్తుండగానే దాని మెడ చటుక్కున సాగింది, ముక్కు నీళ్ళలో దిగింది, పైకి లేచేసరికి ముక్కున వెండిముక్క లాంటిది గిలగిల కొట్టుకుంటోంది.

"నీ నోట్ల మన్నువడ! నా తల్లిగారి సారె!" సోమమ్మ వంగి రాయి అందుకుంది.

నర్సన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"తిననియ్యవే," అన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, ఈసారి దాచిపెట్టడానికి వాన కూడా లేదు. "ఇన్నేండ్లకు మన చెరువుల బతికిన శాప దొరికింది ఒకరికి. కడుపునిండ తిననియ్యి."

సోమమ్మ రాయి జారవిడిచింది. బాలరాజ్ వాళ్ళ పక్కకు వచ్చి నిలబడి, కొంగను చూశాడు, కింద ఉన్న పారను చూశాడు. వంగి పార తీసి, మట్టి దులిపి, నర్సన్న భుజానికి ఆనించాడు.

"వచ్చే మిరుగుకు సంచులు ఎన్ని కావాలె కాకా?" అని అడిగాడు.

కొంగ రెండో చేప కోసం మెడ సాచింది. నర్సన్న దాన్నే చూస్తున్నాడు.